సుబ్బారావుగారును పేగులలోని విషమును

కోదాడ, హుజూరునగరము, మిర్యాలగూడ ప్రాంతములలో వృద్ధులు కలరాను గత్తర యందురు. ఊరిలో గత్తర లేచినదన్న మాట నేడు కేవలము కలవరమునకు మారుపేరై పోయినది గాని, రెండుమూడు తరములకు వెనుక ఆ మాట చెవిని బడినంతనే జనులు పిల్లలను చంకబెట్టుకొని చేల గట్లకు తరలిపోవుచుండిరి. ప్రొద్దున నాగలి కట్టిన మనిషికి సాయంకాలమునకు కన్నులు గుంటలు పడి, వ్రేళ్ళు ముడుతలువారి, గొంతు పీలయై పోవుచుండెను. నిజాము రాజ్యమునకును ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకును ఎల్లయై యుండిన ఈ దారిలో సరకునకు కరోడుగిరి నాకాలో సుంకము చెల్లింపవలసి యుండెడిది. గత్తరకు మాత్రము ఏ నాకాయు అడ్డుపడలేదు. ముత్యాలమ్మకు మ్రొక్కుట తప్ప వేరు గతి లేని కాలమది. ఆ మ్రొక్కులను చూచి నవ్వుట మాకిష్టము లేదు. అప్పటి పట్టణ వైద్యుని చేతిలోను అంతకంటె గొప్ప ఆయుధ మేదియు లేకుండెను.

ఇంతకును ఆ మనిషిని చంపిన దేమి? క్రిమి యని నేడు బడిపిల్లవాడును చెప్పును. కాని ఆ క్రిమి పేగుగోడను కొఱకదు, చీల్చదు, కణములలోనికి చొరబడదు. గోడ నంటుకొని కూర్చుండి ఒక విషమును స్రవించును. చంపునది ఆ విషము. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, వ్యాధిని గూర్చిన మన తెలివి యంతయు, చికిత్స యంతయు దానిపైననే ఆధారపడి యున్నది. ఈ సందర్భమున మేము స్మరింపదలచిన వారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు విషములను పరిశోధించిన వారు కారు. అయినను విషము దెబ్బతీయు తావునను, విషము పుట్టెడి తావునను, రెండింటను వారి చేతిగుర్తు కనబడుచున్నది. వారి యింటనే పేగుల వ్యాధి ఇద్దరిని బలిగొన్నది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఇంట కలిమి లేదు. చదువునందు బాలునికి మొదట శ్రద్ధయు లేదు. పదుమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పాఱిపోయిన సాహసికుడాయన. తల్లి పట్టి తెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ పర్యాయమున గాని గట్టెక్కలేదు. అదియు రాజమహేంద్రవరమున గాక మదరాసు హిందూ హైస్కూలున. పిమ్మట రామకృష్ణ మఠము వారి వైపు మనస్సు మరలి సన్న్యసింపబోగా తల్లి సమ్మతింపలేదు. వైద్యము చదివి సేవ చేయుమని మఠమువారే దారి చూపిరి. మదరాసు వైద్య కళాశాలలో చేరుటకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి.

ఆ కాలముననే గాంధీమహాత్ముని విదేశవస్త్ర బహిష్కారపు పిలుపు దేశమంతట మ్రోగెను. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు అంగీ తొడిగిరి. శస్త్రవైద్యాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపైనది. వ్రాత పరీక్షలలో చక్కగా నెగ్గినవారికి పూర్తి పట్టమగు ఎం.బి.బి.ఎస్. రాక, తక్కువ తరగతి ఎల్.ఎం.ఎస్. పట్టము చేతి కందెను. మదరాసు ప్రభుత్వ వైద్యోద్యోగమును దక్కలేదు. ఒక అంగీగుడ్డకు ఇంత వెల యని నేటి యువకులకు తోచవచ్చును. ఆ దినములలో వెల అదియే.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. అన్న పురుషోత్తముగారును, తమ్ముడు కృష్ణమూర్తిగారును ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరి వెంట నొకరు మరణించిరి. వ్యాధి ఒక్కటియే. ఇంగ్లీషు వైద్యులు దానిని స్ప్రూ యందురు. మన వైద్యులు గ్రహణి, సంగ్రహణి యందురు. తిన్న అన్నము ఒంటబట్టదు, నెలల తరబడి భేదులు, నాలుక పూత, రక్తము పలుచబడి మనిషి ఎముకల గూడై పోవును. కొంతకాలమునకు సుబ్బారావుగారికే ఆ వ్యాధి సోకెను. ఇంగ్లీషు మందు లేవియు పని చేయలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన వారు బ్రతికి బయటపడిరి. అటుపిమ్మట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించిరి. స్వదేశ వైద్యము తమను బ్రతికించినదని కృతజ్ఞులైయుండియు, అది యెట్లు బ్రతికించినదో తెలిసికొనగోరుట వారి స్వభావము. ఆ ప్రశ్నయే వారిని సముద్రము దాటించెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారును మామగారును ఇచ్చిన ధనముతో వారు బోస్టను నగరము చేరిరి. గర్భవతియగు భార్య శేషగిరిగారిని పుట్టింట విడిచి వెళ్ళిరి. పుట్టిన కుమారుడు శైశవముననే పోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. కొద్ది యేండ్లలో మరలి వత్తునన్న మాట నెరవేరలేదు. దీనిని మేము దాచి చెప్పదలచలేదు. మహనీయుల జీవితములలో మూల్యము చెల్లించువారు తఱచుగా వేరొకరు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్య పాఠశాలలో పగలు చదువు. రాత్రి బ్రిగాం ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్రపు పళ్ళెములను ఎత్తి కడుగుట ఆ పనిలోని భాగము. పట్టా పుచ్చుకొన్న పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె గారి వద్ద చేరిరి. ఇక్కడనుండి వారి అసలు చరిత్ర ఆరంభము.

ఫిస్కెగా రప్పగించిన పని వినుటకు నీరసమైనది: రక్తములోను మూత్రములోను భాస్వర మెంత యున్నదో కొలుచుటకు ఒక నమ్మకమైన పద్ధతి కావలెను. 1925లో ఇరువురి పేర్లతో ఆ పద్ధతి వెలువడెను. పరీక్షింపదలచిన ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వర మెంత యధికమో నీలిరంగు అంత చిక్కన. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యను పేరుతో అది ప్రపంచమందలి ప్రయోగశాలల కన్నిటికి ప్రాకి, అనేక దశాబ్దములు విద్యార్థుల పాఠమై నిలిచెను. మంచి త్రాసు చేత బడిన కంసాలివలె వారు దానితో కండరములను తూచిరి. 1927లో కండరమున ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కనబడెను. కండరము ముడుచుకొనుటకు బలము లాక్టికామ్లము వలన కలుగునను సిద్ధాంతము అప్పటికి నోబెలు బహుమానము పొంది కూర్చున్నది. ఈ క్రొత్త పదార్థము దాని పునాదిని కదల్చెను. 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీ, బయటపడెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమాను అను పండితుడును స్వతంత్రముగా దానినే కనుగొనెను గనుక కీర్తిని పంచి చెప్పుట న్యాయము.

ఏటీపీ యన నేమి? మన శరీరమందలి ప్రతి కణమునకును చేతిఖర్చు అది. తిన్న అన్నమునుండి వచ్చిన బలము నంతటిని కణము ఈ నాణెముగా మార్చుకొనును. దానికి మూడు భాస్వరపు ముడులుండును; ముడి తెగినపుడు బలము వెడలును. చేయి కదలుటకు, గుండె కొట్టుకొనుటకు, పేగు ఉప్పును లాగుకొనుటకు ఈ నాణెమే వ్యయమగును. ఈ నాణెమును గుర్తించిన తెలుగువాడు, ముప్పది నలువది యేండ్ల తరువాత గత్తర విషపు రహస్యము విప్పబడునపుడు దానిలో తన నాణెమే కనబడునని ఊహింపజాలడు గదా!

ఆ రహస్యమును కొంచెము వివరింపవలెను. కలరా క్రిమిని 1883–84 సంవత్సరములలో ఈజిప్టునను కలకత్తాలోను రాబర్టు కాక్ పట్టి చూపెను. అది విషముతో చంపుచున్నదని ఆయనయు అనుమానించెను. డెబ్బది యైదేండ్లు ఆ విషము ఎవరికిని చిక్కలేదు. కారణము విచిత్రమైనది: పండితులు దానిని జంతువుల రక్తములోనికి ఎక్కించి చూచిరి గాని, పేగులోనికి పోసి చూచినవారు లేరు. కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే గారు కుందేటి పేగును రెండు చోట్ల దారముతో కట్టి, ఆ నడిమి భాగమున క్రిములను పూర్తిగా వడగట్టి తీసివేసిన ద్రవమును పోసిరి. క్రిమి ఒక్కటియు లేకున్నను పేగు కడుగు నీళ్ళవంటి ద్రవముతో ఉబ్బిపోయెను. 1959లో వెలువడిన ఈ పరిశోధన గత్తరను విషరోగముగా స్థాపించెను. వంగదేశమున పుట్టి, వంగదేశముననే పనిచేసిన డేగారికి స్వదేశమున బ్రతికియుండగా తగిన గౌరవము జరుగలేదు. ఈ విషయమున తెలుగువారికిని వంగీయులకును ఒకటే అనుభవము.

ఆ విషపు అణువునకు ఆరు తునుకలు. అయిదు తునుకలు వలయముగా కూడి పేగుకణపు పైపొరయందలి ఒక క్రొవ్వు పదార్థమును గట్టిగా పట్టుకొనును. ఆరవది లోనికి పోవును. కణములోపల ఒక మీట యున్నది. అవసరమైనపుడు తెరచుకొని, పని కాగానే తనంతట మూసికొనుట దాని ధర్మము. లోనికి పోయిన తునుక ఆ మీటను తెరచిన స్థితిలోనే బిగించివేయును. మీట తెరచియున్నంత సేపు కణము తన ఏటీపీ నాణెములను తీసి, రెండు భాస్వరపు ముడులను త్రెంచి, మిగిలినదానిని చుట్టగా మెలిపెట్టి సైక్లిక్ ఏఎంపీ యను ఆజ్ఞాపత్రముగా మార్చును. ఒక్క పత్రము చాలిన చోట వేలకు వేలు పుట్టును. ఆ ఆజ్ఞ నందుకొని క్లోరైడు ద్వారములు తెరచుకొనును. క్లోరైడు వెంట సోడియము, సోడియము వెంట నీరు. సాగరు ఎడమకాలువ క్రింది రైతులకు ఇది చెప్పనక్కరలేదు. తూము తలుపు ఎత్తి తాళము విరిచివేసినచో చెరువేమగునో వారెరుగుదురు. తీవ్రమైన గత్తరలో గంటకు ఒక లీటరు నీరు పోవుట కలదు.

ఇందులో మా మనస్సు నాకర్షించినది ఒక్కటి. విషము కణమును చంపలేదు. గోడ కూలలేదు. కణము ఆరోగ్యముగానే యుండి, దొంగ ఆజ్ఞను నమ్మి, తన యజమానిని ఎండగట్టుచున్నది. పంచదారతో కలిపి ఉప్పును లోనికి లాగుకొను వేరొక ద్వారము చెడక యున్నది. ఆ ద్వారము నాశ్రయించియే 1971లో బాంగ్లాదేశ శరణార్థుల శిబిరమున, బొంగావ్ లో, దిలీప్ మహాలనబిస్ గారు ఉప్పు, పంచదార కలిపిన నీటితో వేలమందిని నిలబెట్టిరి. నేడు ఏ పల్లెకు పోయినను దొరకు ఓఆర్ఎస్ పొట్లము ఆ విద్యయే.

విషములన్నియు ఇట్టివి కావు. కంఠసర్పి యనబడు డిఫ్తీరియా విషము కణములో మాంసకృత్తులల్లు పనిని ఆపి కణమును చంపును. ఒక్క అణువు లోపల బడినను కణము నిలువదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పొలములో ముల్లు గ్రుచ్చుకొనియో, కొడవలి తెగియో వచ్చు ధనుర్వాతపు విషము కణమును చంపదు; నరములు కండరమునకు చాలించుమని చెప్పు సంకేతమును కత్తిరించివేయును. అందుచేత దవడ బిగిసి వెన్ను విల్లువలె వంగును. ఒకసారి నరమున జొచ్చిన ఆ విషమును వెలికి తీయు మందు నేటికిని లేదు. ముందుగా టీకా వేయించుకొనుటయే శరణ్యము.

మరల సుబ్బారావుగారి కడకు వత్తము. హార్వర్డువారు వారికి స్థిరోద్యోగ మియ్యలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లె మందుల సంస్థలో చేరి, స్వల్పకాలముననే పరిశోధనశాఖ కధిపతులైరి. అటుపిమ్మటి ఎనిమిదేండ్లలో జరిగిన పని సామాన్యులకు మూడు జన్మలకు చాలును. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, రక్తపు పుట్టకురుపుతో పోరాడుటకు అమినోప్టెరిన్, మెతోట్రెక్సేటు ఆ ప్రయోగశాలనుండి వెడలినవే. మా ప్రస్తుత విషయమునకు కావలసినవి వేరు రెండు.

మొదటిది ఫోలికామ్లము. 1928 మొదలుకొని బొంబాయిలో లూసీ విల్సు అను వైద్యురాలు గర్భవతులగు కూలిస్త్రీల పాండురోగమును పరీక్షించుచు, ఈస్టులో దానిని కుదుర్చు పదార్థ మేదియో కలదని చూపెను. అదే పదార్థము కాలేయమునను కలదు. 1945లో లెడర్లె రసాయనజ్ఞుల బృందము సుబ్బారావుగారి నాయకత్వమున దానిని శుద్ధమైన రూపమున నిర్మించెను. సంగ్రహణి రోగులకు దీని నిచ్చినంతనే నాలుక మానెను, రక్తము పుంజుకొనెను.

రెండవది ఆరియోమైసిన్. ఇక్కడ మా వారిలో కొందరితో మేము విభేదింపవలసి యున్నది. సభలలో కొందరు ఆ మందును సుబ్బారావుగారే కనుగొనిరని చెప్పుచుందురు. అది నిజము కాదు. డెబ్బది యేండ్లు దాటిన బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరి రాష్ట్రపు పొలపు మట్టిలో బంగారువన్నె బూజువంటి సూక్ష్మజీవిని గుర్తించి దానినుండి ఈ మందును తీసెను. ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుని పిలిచి పని యొప్పగించి, ఆ అన్వేషణ నంతటిని నడిపినది సుబ్బారావుగారి శాఖ. ఈ మాట చాలును. ఇంతకు మించి చెప్పిన వారి గౌరవము పెరుగదు. స్వయముగా వారెన్నడును తమ పేరును ముందునకు త్రోయలేదు. డగ్గరును లోకము ముందు నిలిపినవారే వారు. 1948 జూలైలో ఆ మందు ప్రకటింపబడెను. టెట్రసైక్లిన్ అను గొప్ప కుటుంబమునకు అది పెద్దబిడ్డ.

అది చేయు పని చూడుడు. ప్రతి కణములోను మాంసకృత్తుల నల్లెడు మగ్గములు కలవు. రైబోసోములని వానికి పేరు. నూలు తెచ్చి అందించునది ఒకటి, అల్లునది ఒకటి. టెట్రసైక్లిన్ క్రిమి మగ్గమునెక్కి నూలు అందవలసిన చోటనే కూర్చుండును. మనుష్యకణపు మగ్గము కట్టడి వేరు గనుక మనకు హాని స్వల్పము. మగ్గ మాగిన క్రిమి పెరుగజాలదు. విషమును మాంసకృత్తియే గనుక విషమును నేయజాలదు. అయినను ఇదివరకే కణమును పట్టిన విషముపై ఈ మందునకు అధికారము లేదు. ఆ కణము కొలది దినములలో రాలి క్రొత్తది మొలచువరకు నీరు కారుచునే యుండును. అందుచేత గత్తర రోగికి ముందు ఉప్పునీరు, పిదపనే మందు. ఈ క్రమము తలక్రిందైన చోట ప్రాణములు పోయినవి.

సంగ్రహణి మాట మిగిలినది. గత్తర ఒక్కనాటి వరద యైన, ఇది నెలల తరబడి ఒడ్డును కోయు ఏరు. చిన్నపేగు లోపలి గోడ నిండ సన్నని వ్రేళ్ళవంటి మొలకలుండును. అన్నసారము నవి లాగుకొనును. ఈ రోగులలో ఆ మొలకలు అణగిపోవును. సాధారణముగా చిన్నపేగున నిలువరాని క్రిములు అక్కడ కాపుర ముండి విషములను స్రవించుచున్నవని, ఆ విషములే గోడను నలుపుచున్నవని 1970 ప్రాంతముల పరిశోధనలు చూపినవి. అన్ని సందర్భములకు ఇదియే కారణమని వైద్యులందరు ఒప్పుకొనకున్నను, చికిత్స మాత్రము ఆ దారినే నడచుచున్నది. ఆ చికిత్స యేమనగా, క్రిముల మగ్గమును ఆపుటకు టెట్రసైక్లిన్, అణగిన గోడను తిరిగి మొలిపించుటకు ఫోలికామ్లము. నెలల తరబడి రెండును కలిపి. అన్నదమ్ములను ఎనిమిది దినములలో కోల్పోయిన మనిషి ప్రయోగశాలనుండియే ఆ రెండు మందులును వెడలినవి. మొదటిదాని ఫలమును వారు చూచిరి. రెండవదానిని సంగ్రహణికి వాడుట చూచుటకు వారు బ్రతికి యుండలేదు.

1948 ఆగస్టు రెండవ వారారంభమున ఒక రాత్రి నిద్రించిన సుబ్బారావుగారు మరల మేల్కొనలేదు. వయస్సు ఏబది మూడు. 1946 వరకు భారతీయులకు అమెరికా పౌరసత్వమునకు అర్హతయే లేదు. పిదప వారు దానిని పుచ్చుకొననూ లేదు. స్వతంత్రమైన తమ దేశమును వారు కన్నుల చూడలేదు. సుమారు అయిదు వారములకు, సెప్టెంబరు 13 ఉదయమున, భారత సైన్యము బెజవాడ దారిని వచ్చి కోదాడ చేరెను. ఆ సంక్షోభమున ఈ ప్రాంతమున ఎక్కడో దూరదేశమున మరణించిన ఒక శాస్త్రజ్ఞుని తలచుకొను తీరిక ఎవరి కుండును? 1953లో అమెరికా పండితులు ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. మన ప్రభుత్వము శతజయంతి సంవత్సరమగు 1995లో తపాలాబిళ్ళ వేసెను. అంతకు ముందటి యేడు సూరత్తులో ప్లేగు పుట్టినదన్న భయమున జనులు ఎగబడి కొన్న మందు టెట్రసైక్లిన్.

ఆ మందు బలము నేడు కొంత తగ్గినది. దాని నెదిరించు కలరా క్రిములు అనేక దేశములలో పుట్టినవి. లెడర్లె పరిశోధకులే 1950 ప్రాంతమున ఈ మందు కలిపిన మేతతో కోళ్ళు త్వరగా పెరుగునని కనుగొనిరి. అది మొదలు మనుష్యుల మందు టన్నులకొలది పశువుల తొట్లలోనికి పోయెను. కోళ్ళఫారములు నడపు మా చందాదారులలో పలువురకు ఈ సంగతి తెలియును, దాని లాభమును తెలియును. జ్వర మేదైనను రెండు గొట్టములు మ్రింగి మూడవనాడు మానివేయు పట్టణవాసులును ఈ దోషమున పాలుగలవారే. టెట్రసైక్లిన్ కుటుంబమునకు చెందిన డాక్సీసైక్లిన్ గొట్టములు నేడు కోదాడ మందుల దుకాణములలో కొద్ది రూపాయలకే దొరకుచున్నవి.